ఏమయ్యో, ఉండావా?

మా ఇంటి ముందు నీళ్ల సంపు ఒకటుంది. దాన్ని కడిగించే రోజున ఇనప మూత పక్కకు లాగించి, నేను మోకాళ్ల మీద కూర్చుని లోపలికి వంగి ఒక కేక వేస్తాను. తర్వాత చెవి పెట్టి కాసేపు వింటాను. అప్పటిదాకా పనివాణ్ని దిగనివ్వను. మా పిల్లలు పడీ పడీ నవ్వుతారు. మా ఆయన అయితే వీధిలోవాళ్లు చూస్తున్నారని లోపలికి పోయి తలుపు వేసుకుంటాడు. అనంతపురంలో పిల్లలకు పాఠాలు చెప్పుకునే టీచరమ్మ సంపుతో మాట్లాడటమేమిటని ఆయన బాధ. ఆయన బాధ ఆయనది. నేను పాతరవ్వను చూసి పెరిగినదాన్ని.

ఆమె అసలు పేరేమిటో నాకు తెలియదు. మా ఊళ్లో నా ఈడువాళ్లెవరికీ తెలియదు. వజ్రకరూరుకు అటువైపు ఉన్న మా పల్లెలో చిన్నా పెద్దా అందరికీ ఆమె పాతరవ్వే. మనిషి బాగా సన్నం. తిండిలేక వచ్చిన సన్నం కాదు, పాతర నోట్లో పట్టడానికి పనికొచ్చే సన్నం. దగ్గరికి పోతే బూడిద వాసన, ఎండిన వేపాకు వాసన. కొంగు తలమీదుగా లాగి ఎడమ చెవిని ఎప్పుడూ కప్పి ఉంచేది. ఎందుకవ్వా అలా అంటే, "కుడి చెవి ఊరోళ్లకు, ఎడమ చెవి ఆయప్పకు" అనేది. ఆయప్పంటే ఆయన, ఆమె మొగుడు. నవ్వించడానికి అన్నదేమో అనుకుని నేను నవ్వాను ఒకసారి. ఆమె నవ్వలేదు.

పాతరంటే ఇప్పటి పిల్లలకు చెప్పాలి. కల్లంలో గట్టి నేల చూసి తవ్విన గుంత అది. పైన మెడ ఇరుకు, కింద కడుపు వెడల్పు, నేలలో పూడ్చిన పెద్ద కడవలాగా. చుట్టూ కొర్రగడ్డి పరిచి, జొన్నలు పోసి, నోటిమీద బండ వేసి, బంకమట్టితో మెత్తేవాళ్లు. లోపలికి గాలి పోదు కాబట్టి పురుగు బతకదు, పుచ్చు పట్టదు. కరువుల ఊరు కదా మాది, పండిన ఏడు దాచింది పండని ఏళ్లలో తినాలి. బండ తీసినరోజు మాత్రం జాగ్రత్తగా ఉండాలి. గింజను నిద్రపుచ్చిన గాలి మనిషిని కూడా నిద్రపుచ్చుతుంది. ఆ నిద్రలోంచి లేచినవాళ్లు లేరు.

పాతరవ్వ పని ఆ బండ తీయించడం, లోపలికి దిగడం, గింజను గంపలకెత్తి పైకి పంపడం. అంతకుముందు ఆ పని ఆమె మొగుడిది. అతను ఎలా పోయాడో ఆమె మా అరుగుమీద కూర్చుని చెప్పింది. అమ్మ విత్తనం కోసం వేరుశెనగ కాయలు వొలుస్తోంది. వేలి కొసలు నొప్పి పుట్టకుండా కాయలమీద నాలుగు నీటి చుక్కలు చిలకరించింది, మా వైపు అందరూ చేసే పనే అది. పాతరవ్వ చటుక్కున అమ్మ చెయ్యి పట్టుకుంది.

"నీళ్లు సల్లాకు మే. ఇత్తనం కండ్లు తెరుస్తాది."

"తెరిస్తే మళ్లా మూసుకుంటాదిలే అవ్వా" అంది అమ్మ.

"మూసుకోదు. ఒగసారి కండ్లు తెరిసినాక మన్నులో పడాల, ల్యాకుంటే సచ్చిపోవాల. సచ్చినా సచ్చినట్టు కనపడదు. పైన తెల్లగ నవ్వుతా ఉంటాది, లోపల పచ్చగ బూజు పట్టింటాది."

అమ్మ ఆ కాయల్ని పక్కకు నెట్టేసింది. అప్పుడు చెప్పింది పాతరవ్వ తన మొగుడి సంగతి, ఏదో పొరుగింటి కబురు చెప్పినట్టు.

"చలికాలంలో ఒగరి పాతర దీసినాము. ముసురు పట్టిన ఏడు, జొన్నలు సరిగ్గ ఎండల్యా. దీపం దించి చూస్తామయ్యా అంటినా, ఊఁ అన్నాడు. అంటానే దిగినాడు. నేను గంప పట్టుకోని పైన నిలబడితి. ఉండావా అంటి. ఊఁ అన్నాడు. పైకి రా అయ్యా అంటి. దానికీ ఊఁ అనే అన్నాడు. బతికిన్నాళ్లూ అంతే, ఏమడిగినా ఊఁ తప్ప ఇంగో మాట ల్యా ఆ మనిషి దగ్గర. మళ్లా పిలిస్తే పలకల్యా."

అమ్మ చెయ్యి ఆగిపోయింది. 

"మరి నీకు భయం కాదా అవ్వా, మళ్లీ పాతరలో దిగాలంటే?" అన్నాను నేను.

"భయమెందుకు పాపా? అడిగే కదా దిగేది."

అడగడమంటే ఇదీ. బండ తీయించగానే అందర్నీ దూరం పొమ్మనేది. బోర్లా పడుకుని తల పాతర నోటిమీద పెట్టి, కొంగు తీసి ఎడమ చెవి బయటపెట్టి, "ఏమయ్యో... ఉండావా?" అని పిలిచేది. మా దిక్కు ఆడవాళ్లు మొగుడి పేరు పలకరు. పోయినవాడైనా సరే, ఆమె పేరు పెట్టి పిలవలేదు. పిలిచి కదలకుండా వినేది. జవాబు రాకపోతే లేచి, "ల్యాడు. దిగొచ్చు" అనేది. జవాబు వస్తే మాత్రం, "ఉండాడు. ఈ పొద్దు వద్దు" అని బండ మళ్లీ పెట్టించేసి ఇంటికి పోయేది. ఆ జవాబు ఇంకెవరికీ వినపడేది కాదు. "ఆయప్ప కాపలా ఉండాడు. ఇంగోడు రాకుండా" అనేది. ఎవరూ ఎదురు చెప్పేవాళ్లు కాదు. చెప్పి దిగేదెవరు?

ఇంకో అలవాటు చెప్పాలి. అది నేను కాలేజీ సెలవులకు ఇంటికి వస్తూ చూశాను. మిట్టమధ్యాహ్నం, బస్సు దిగి నడుస్తున్నాను. ఎండకు ఊరంతా తలుపులేసుకుని ఉంది. పాతరవ్వ ఒక్కతే వీధి మధ్యలో వస్తోంది. ఎదురుగా ఎవరూ లేరు, కుక్క కూడా లేదు. ఉన్నట్టుండి ఆమె పక్కకు తప్పుకుంది, ఎవరో పెద్దమనిషికి దారి ఇచ్చినట్టు. నాలుగడుగులు వేసి మళ్లీ తప్పుకుంది. ఈసారి తల కాస్త వంచింది కూడా.  తర్వాత నాయన చెప్పాడు, వీధి కింద పాత పాతరలున్నాయని, పూర్వం అవన్నీ కల్లాలేనని. పైన ఏ ఆనవాలూ లేదు. ఆమెకు మాత్రం అన్నిటి నోళ్లూ తెలుసు. దేని మీదా కాలు పెట్టేది కాదు.

అప్పటికే పాతరల కాలం అయిపోవచ్చింది. చూపు ఆనినంత మేరా వేరుశెనగే. జొన్న వేసేవాళ్లు తగ్గిపోయారు. కాయల్ని గోనె సంచుల్లో ఇళ్లలోనే పేర్చుకునేవాళ్లు. అలా పేర్చిన మా విత్తనాన్ని ముందటి ఏడు పుచ్చు పురుగు తినేసింది. సంచి ఎత్తితే దూదిలాగా తేలిపోయింది, అడుగున తెల్లటి పిండి రాలింది. ఆ విత్తనం దెబ్బకు నాయన సగం పొలం బీడు పెట్టాడు. ఆ మంట ఆయనకు చల్లారలేదు.

తర్వాతి పంట దేవుడిచ్చిన పంట. ఎన్నడూ లేనంతగా కాసింది. చెట్లు పీకి, కాయలు కోసి, కల్లంలో రాశి పోశారు. ఇంకా ఎండనే లేదు, తూర్పున మబ్బు లేచింది. మా ఊరి వాన సంగతి తెలుసు కదా, కావాలన్నప్పుడు మొహం చూపించదు, కాయ కల్లంలో ఉన్నప్పుడు మాత్రం చుట్టంలాగా దిగబడుతుంది. ఇంట్లో చోటు లేదు. పట్టాలు కప్పినా కింద నీళ్లు పారే నేల అది. నాయన ఆ మబ్బును చూశాడు, రాశిని చూశాడు, కల్లం మూలన చాలా ఏళ్లుగా ఖాళీగా పడున్న పాతరను చూశాడు.

"మబ్బు ఇడిసేదాకా దాంట్లో పోస్తా. వాన తగలదు, పురుగు తగలదు" అన్నాడు.

పాతరవ్వ వచ్చింది. రాశిలోంచి ఒక కాయ తీసి కుడి చెవి దగ్గర ఆడించింది. పిడికెడు కాయలు పట్టుకుని, పిడికిట్లోకి ఊపిరి ఊది వాసన చూసింది.

"ఇంగా గలగల అనల్యాదప్పా. పచ్చిగుండాయి" అంది.

"నాలుగు దినాలే కదవ్వా. మబ్బు పోతానే తీసి ఎండబోస్తాం. ఈడ ఉంటే పొద్దు మునిగేలోగా మొత్తం కొట్టుకపోతాది" అన్నాడు నాయన. ఆ గొంతులో బతిమాలుకోవడం ఉంది. ఆమె ఆకాశం చూసింది. సరే అడిగి చెప్తానంది. పడుకుని పిలిచింది. లేచి చీర దులుపుకుంటూ, "ఏం అనల్యా. పోసుకో" అంది.

చినుకులు పడుతుండగా గంపలు గంపలుగా పోశాం. అందరం తడిసిపోయి నవ్వుకుంటున్నాం. అమ్మ పాతరవ్వకు ముద్ద పెట్టింది. పాతరవ్వ శెనక్కాయల ఊరిబిండి పచ్చడి మాత్రం ముట్టలేదు, ఆమె ఎన్నడూ శెనక్కాయ తినేది కాదు.

మబ్బు విడవలేదు. నాలుగు దినాలు కాస్తా ఎన్నయ్యాయో, కూర్చున్నచోటు నుంచి లేవకుండా వాన. నాయన గడపలో కూర్చుని కల్లం వైపు చూస్తూ ఉండేవాడు. అన్నం సయించేది కాదు. కాయలన్నీ, విత్తనానికి ఉంచుకోవాల్సినవి కూడా, ఆ గుంతలోనే ఉన్నాయి. బయట ఒక్క గంప కూడా లేదు. అవి పోతే మళ్లీ ఏడు పొలంలో వేయడానికి గింజ లేదు.

ఎండ పడిన రోజు మధ్యాహ్నం బండ తీశారు. నేను అక్కడే ఉన్నాను, అమ్మ పక్కన. మెత్తిన మట్టి పగలగొడుతుండగానే లోపలి నుంచి వెచ్చగా ఊపిరి వచ్చింది. నిజంగా ఊపిరే, నా పాదాలకు తగిలింది. పులిసినట్టు, తియ్యగా, అన్నం ముక్కినట్టు ఒక వాసన. నోటి మీద తిరుగుతున్న ఈగ ఒకటి టపుక్కున లోపలికి రాలిపోయింది.

పాతరవ్వ పడుకుంది. కొంగు తీసింది. "ఏమయ్యో... ఉండావా?"

"ఊఁ."

నేను విన్నాను. చెప్తే నమ్మరని తెలుసు, మా ఆయనే నమ్మడు. లావుపాటి గొంతు, నిద్రలో ఉన్నవాణ్ని లేపితే పలికినట్టు. అమ్మ నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది, అంటే ఆమెకూ వినపడిందన్నమాట.

"ఉండాడు. బండ పెట్టండి" అంది పాతరవ్వ లేచి.

నాయన ముఖం నల్లబడింది. "యామవ్వా, నీ గొంతే నీకు తిరిగొచ్చింది. కాయలు ఉడికిపోతాండాయి ఆడ. వాసన రాల్యా నీకు? ఇంగొక పూట ఉంటే అంతా బూజే."

"అయిపోయిందప్పా. బూజు అప్పుడే వచ్చింది."

"అడుగున బాగుండేవి ఉంటాయి. నేను దిగుతా." లాంతరు ముట్టించి తాడుతో పాతర మెడదాకా దించాడు. "చూడు, వెలుగుతాంది కదా!"

"మెడదాకా నేనూ బతికే ఉంటా" అంది ఆమె.

నాయన మోకు నడుముకు చుట్టుకోవడం మొదలుపెట్టాడు. అప్పుడు ఆమె చేసిన పని నా కళ్లముందు ఇప్పటికీ ఉంది. పోట్లాడలేదు, అరవలేదు. పోయి పాతర నోటిమీద కూర్చుంది. కాళ్లు ముడుచుకుని, చీర చుట్టూ పరుచుకుని, మట్టి కుప్పలాగా కూర్చుంది. నోరు కనపడకుండా మూసుకుపోయింది.

"లే అవ్వా."

"లేయను."

"నా బిడ్డల నోటికాడ కూడు అది! లేస్తావా లేయవా?"

"పోనీ."

"ఏమి పోనీ? నీకేం పోతాది? ఇత్తనం నాది!" నాయన గొంతు చీరుకుపోయింది. ఆయన ఏడుస్తున్నాడని నాకు అప్పుడే తెలిసింది. మా నాయన ఏడవడం నేను అంతకుముందు చూడలేదు. చెయ్యి పట్టి లాగడానికి రెండడుగులు వేసి ఆగిపోయాడు. వయసులో పెద్దది, మొగుడు పోయిన మనిషి, ఎలా లాగుతాడు?

ఎండ నెత్తికెక్కింది. ఆమె కదల్లేదు. అమ్మ చెంబుతో నీళ్లిస్తే కూర్చునే తాగింది. నాయన కల్లం చుట్టూ తిరుగుతూ ఊరివాళ్లనందర్నీ తిడుతున్నాడు, వానను తిడుతున్నాడు, ఆమెను తిడుతున్నాడు. ఆమె వింటున్నట్టే లేదు. తల కాస్త పక్కకు వంచి, తన కింద ఉన్న చీకటితో మెల్లగా మాట్లాడుతోంది.

"మొండోడయ్యా ఈయప్ప. అచ్చం నీ మాదిరే. చెప్తే ఇనడు."

ఆమె చీర కింది నుంచి వచ్చింది, ఈసారి ఇంకా మెల్లగా. "ఊఁ."

నేను అమ్మ వెనక్కి పోయి నిలబడ్డాను. పట్టపగలు, నడినెత్తిన సూర్యుడు, చుట్టూ మనుషులు. అయినా నాకు పళ్లు కొట్టుకున్నాయి.

ఆ గొడవ తీరే దారి చూపింది అమ్మే. మాట్లాడకుండా ఇంటికి పోయి గంప కింద మూసిన కోడిని తెచ్చింది. "నువ్వు దిగేది తర్వాత. ముందు ఇది దిగనీ" అంది నాయనతో. ఇంకేమీ అనలేదు. మా అమ్మ ఎక్కువ మాట్లాడే మనిషి కాదు, మాట్లాడితే మాత్రం నాయన వినేవాడు. పాతరవ్వ కాస్త పక్కకు జరిగింది. కోడిని గంపలో కట్టి దించారు. మొదట్లో అరుపు వినపడింది, రెక్కలు కొట్టుకున్న చప్పుడు వినపడింది. తర్వాత వినపడలేదు. పైకి లాగితే కోడి గంపలో పడుకుని ఉంది, మెడ ఒక పక్కకు వాల్చి, హాయిగా నిద్రపోతున్నట్టు. ఒంటిమీద ఈక కూడా చెదరలేదు.

నాయన నడుముకున్న మోకు విప్పకుండానే కింద కూలబడ్డాడు.

ఆ కోడిని మేం వండలేదు. అమ్మ దూరంగా తీసుకుపోయి పూడ్చిపెట్టింది.

నాయన కూలబడినచోటు నుంచే, "వేపమండలు కట్టి దించి ఊపుదాం. గాలి మారినాక తీద్దాం" అన్నాడు. పాతరవ్వ పొడుగు కట్టెకు చిన్న బుట్ట కట్టి లోపలికి దించి, కాసిని కాయలు తోడి పైకి తెచ్చింది. నాయన అరచేతిలో పోసింది. ఉడకబెట్టినట్టు వేడిగా ఉన్నాయవి. ఒకటి చిదిపితే పచ్చటి పొగలాగా లేచింది.

"తీసి ఏం జేస్తావు?" అంది ఆమె. ఇప్పుడు గొంతులో కోపం లేదు. "మనిషి తినగూడదు. నువ్వు పారేయవు, నాకు తెల్సు. నూనె ఆడిస్తావు. చెక్క ఎద్దులకేస్తావు. అవి పాల కడుపు బిడ్డల మాదిరి నమ్మి తింటాయి."

నాయన అరచేతిలోని కాయల్ని కిందికి వదిలాడు. సరిగ్గా అదే అనుకుంటున్నాడని మా అందరికీ తెలుసు.

"తప్పు నాదేలే" అంది పాతరవ్వ. "నేను గుంతను అడిగితి. కాయల్ని అడగల్యా. గలగల అనల్యాదని చెవికి తెలిసి కూడా ఆయప్ప మాట మీద వదిలేసినా. ఇంగ ఇది ఆయప్పకే ఇడిసిపెట్టు."

బండ మళ్లీ పెట్టారు. బంకమట్టి నాయనే కలిపాడు, నాయనే మెత్తాడు. ఆ ఏటి పంట మొత్తాన్ని తన చేతులతో పూడ్చి, చేతులు కడుక్కోకుండా ఇంటికి వచ్చి పడుకున్నాడు. మరుసటి ఏడు సర్కారు విత్తనాల కోసం ఎండలో లైన్లో నిలబడి తెచ్చుకున్నాడు. ప్రతి సంచిలోంచి ఒక కాయ తీసి చెవి దగ్గర ఆడించి చూస్తుంటే లైన్లోవాళ్లు నవ్వారట.

పాతరవ్వతో మాత్రం ఆయన మాట్లాడటం మానేశాడు. ఎవరైనా ఆ సంగతి ఎత్తితే, "కోడి ఎండకు సచ్చింది. ముసల్ది నా కండ్లు కప్పింది" అనేవాడు. అడుగున మంచి కాయలున్నాయని, తనను దిగనిచ్చి ఉంటే సగమైనా దక్కేవని అంటూనే ఉండేవాడు. ఏళ్లు గడిచినా ఆ పుండు మానలేదు. పాతరవ్వ మా కల్లం పక్కగా పోయేటప్పుడు ఆ మూల దగ్గర తప్పుకుని, తల వంచి పోయేది. నాయన ఎదురుపడినా పలకరించేది కాదు, పాతరను పలకరించేది.

ఊళ్లో మాత్రం ఇంకో పుకారు పుట్టింది. మాది వజ్రాల నేల కదా, తొలకరి పడితే చాలు, నేల చూసుకుంటూ నడిచే మనుషులు మా చేలల్లో కనపడతారు. ఇంత పంటను ఎవడైనా ఊరికే పూడుస్తాడా, పాతరలో మా నాయనకు రాయి దొరికింది, దాన్నే దాచి మూసేశాడు అన్నారు. నాయన మొదట తిట్టేవాడు, తర్వాత తిట్టడం కూడా మానేశాడు.

పాతరలు తీసేవాళ్లు లేకపోయాక ఆమెకు పని లేకుండా పోతుందనుకున్నాం. ఆమె వేరే పని చూసుకుంది. అప్పటికి చేను చేనుకూ బోరు వేయడం, నీళ్లు పడక వదిలేయడం మొదలైంది. అలా ఎండిపోయిన బోర్ల దగ్గరికి ఒక్కతే పోయేది. గొట్టం నోటికి చెవి ఆనించి, "ఏమయ్యో... ఉండావా?" అనేది. వినేది. ఒక పెద్ద రాయి దొర్లించి నోటిమీద పెట్టి ఇంకో చేను వైపు నడిచేది. ఎవరూ చెప్పలేదు, ఎవరూ ఏమీ ఇవ్వలేదు. గొర్రెలకాపర్లు చూసి దూరంగా పోయేవాళ్లు. మా ఊరి పొలిమేరలో నోరు తెరిచిన బోరు ఒక్కటి కూడా ఉండేది కాదు. పక్క ఊళ్లలో జరిగినట్టు మా ఊళ్లో ఏ బిడ్డా బోరుగుంతలో పడలేదు.

ఆమె పోయిందని అమ్మ ఫోన్ చేసి చెప్పింది. పడుకున్నచోటే పోయిందట. ఆమెను పూడ్చడానికి గుంత తీసినవాళ్లు గట్టుమీద నిలబడి ఊరికే అటూ ఇటూ చూశారట. "యాలప్పా నిలబడ్డారు అంటే, అడిగి చెప్పేటోళ్లు ఎవురన్నా ఉండారేమోనని అన్నారు మే" అంది అమ్మ. ఫోన్ పెట్టేశాక నాకు ఏడుపు వచ్చింది. ఎందుకో ఆ క్షణంలో నవ్వు కూడా వచ్చింది.

తర్వాత ఎండాకాలం సెలవులకు పిల్లల్ని తీసుకుని ఊరికి పోయాను. తాగునీటి పైపు కోసం మా కల్లంలోంచి కాలువ తవ్వుతున్నారు. జేసీబీ పన్ను బండకు తగిలి ఖంగుమంది. బండ పక్కకు ఒరిగింది. పాతర నోరు తెరుచుకుంది.

చిన్నాన్న కొడుకు, మా తమ్ముడు, అక్కడే పని చేయిస్తున్నాడు. వాడికి ఒళ్లంతా సంబరం. "పెదనాయనా, నువ్వు దాచిన రాయి ఈ పొద్దు బయటపడతాది!" అంటూ మోకు తెప్పించి నడుముకు కట్టుకుంటున్నాడు. చుట్టూ జనం మూగారు. నేను ముందుకు పోయి వాసన చూశాను. ముక్కిన వాసన లేదు. మట్టి వాసన కూడా లేదు. ఏ వాసనా లేదు. ప్రాణం తీసే గాలికి వాసన ఉండాలని లేదు.

"దిగాకు తమ్ముడూ. లోపలి గాలి మంచిది కాదు" అన్నాను.

"పోక్కా, నీకన్నిటికీ భయమే. పదేండ్లాయ, ఇంగా యాడ గాలి? టార్చి ఏసి చూసినా, ఏమీ ల్యా."

నాయన అప్పుడే వచ్చాడు. కర్ర పట్టుకుని నడుస్తున్నాడు ఈ మధ్య. జనం దారి ఇచ్చారు. ఈయన ఏమంటాడో నాకు తెలుసు, పదేళ్లుగా అంటున్నదే, అడుగున మంచి కాయలున్నాయి దిగి చూడు అంటాడు. తమ్ముడు కూడా అదే అనుకుని నవ్వుతున్నాడు.

నాయన జేసీబీ వాడి వైపు చెయ్యి ఊపాడు, ఆపమని. ఇంజను ఆగింది. ఆయన కర్ర కింద పెట్టి, మోకాళ్లమీద వంగి, నెమ్మదిగా బోర్లా పడుకున్నాడు. తలకు చుట్టుకున్న తువ్వాలు విప్పి ఎడమ చెవి బయటపెట్టాడు.

"అవ్వా... ఉండావా?"

ఎవరూ నవ్వలేదు.  నాయన చాలాసేపు అలాగే ఉన్నాడు. తర్వాత లేచి, మట్టి కూడా దులుపుకోకుండా, వెనక్కి తిరిగి పాతర నోటిమీద కూర్చున్నాడు. కాళ్లు ముడుచుకుని, పంచె చుట్టూ సర్దుకుని కూర్చున్నాడు.

"ఏమైంది పెదనాయనా? లే" అన్నాడు తమ్ముడు.

"ఉండాది. ఎవురూ దిగాకండి."

"ఎవురుండేది? ఏం మాట్లాడతాండావు నువ్వు?"

 నాయన నా వైపు చూశాడు. ఆ కళ్లు అప్పటిలాగే తడిగా ఉన్నాయి.

"నీకు ఇనపడింది కదా పాపా?" అన్నాడు.

"ఊఁ" అన్నాను.

తమ్ముడు నా ముఖంలోకి చూశాడు. నడుముకు కట్టుకున్న మోకు విప్పి కింద పడేశాడు.